మంచి పనికి వెల ఎవరు చెల్లించారు?

ఒక పని లక్షలాది మందికి మేలు చేసింది. అదే పని కొన్ని వందల కుటుంబాలను వారి ఇళ్ల నుండి, పొలాల నుండి, తాతముత్తాతల సమాధుల నుండి దూరం చేసింది. అలాంటి పనిని ఏమనాలి? పుణ్యమనాలా, అన్యాయమనాలా? మేలు పొందినవారి సంఖ్య ఎక్కువైతే నష్టపోయినవారి హక్కు దానంతట అదే రద్దవుతుందా? ఈ నెల ఈ ప్రశ్న గురించి పాఠకులతో కలిసి ఆలోచించదలచాం.

ఈ ప్రశ్న మాకు ఒక ఫోటో చూసినప్పుడు కలిగింది. అమెరికాలోని అట్లాంటాలో ఉద్యోగం చేసుకుంటున్న మా బంధువుల అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు తాను తిరిగిన చోట్ల ఫోటోలు చూపించాడు. చుట్టూ పొగమంచు కప్పిన నీలి కొండలు, మధ్యలో పచ్చని మైదానం, దాని అంచున దుంగలతో కట్టిన ఇల్లు, కొంచెం దూరంలో తెల్లని చిన్న చర్చి, పక్కనే సమాధులు. మనుషులు మాత్రం లేరు. "ఇక్కడివాళ్లంతా ఏమయ్యారు బేటా?" అని అడిగాం. "తెలియదు మామూ, అది పార్కు కదా!" అన్నాడు. పార్కు అయితే మనుషులు ఉండరన్నది అతనికి సహజంగానే తోచింది. ఆ మాట మాకు లోలోపల గుచ్చుకుంది. ఆ చోటు గురించి చదవడం మొదలుపెట్టాం.

మందుల వ్యాపారి పట్టుదల

ఆ ప్రదేశం పేరు కేడ్స్ కోవ్. టెన్నెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దులో ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కులో అదొక లోయ. 5 లక్షల 20 వేల ఎకరాలకు పైగా విస్తరించిన ఈ పార్కు అమెరికా జాతీయ పార్కులన్నిటిలోకీ అత్యధిక సందర్శకులు వచ్చేది. ఏటా కోటికి పైగా సందర్శనలు నమోదవుతాయి. అమెరికా తూర్పు, దక్షిణ రాష్ట్రాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కూడా సెలవు దొరికితే కారు తీసుకుని అక్కడికే వెళతాయి.

ఈ పార్కును ప్రభుత్వం తనంతట తాను తలపెట్టలేదు. 1923లో నాక్స్‌విల్ నగరానికి చెందిన విల్లిస్ డేవిస్ అనే ఇనుప కంపెనీ మేనేజరు, ఆయన భార్య ఆన్ డేవిస్ పశ్చిమ రాష్ట్రాల జాతీయ పార్కులు చూసి వచ్చారు. మన కొండలకు అలాంటి రక్షణ ఎందుకు ఉండకూడదని ఆమె భర్తను అడిగారు. ఆ ఆలోచనను భుజాన వేసుకుని నడిపించిన వ్యక్తి అదే నగరంలో టోకు మందుల వ్యాపారం చేసే డేవిడ్ చాప్‌మన్. సైన్యంలో పనిచేసినందున అందరూ ఆయన్ను కల్నల్ చాప్‌మన్ అని పిలిచేవారు. పార్కు కోసం టెన్నెసీ రాష్ట్రం ఏర్పాటుచేసిన కమిషన్‌కు ఆయనే నాయకత్వం వహించారు.

పని మామూలుది కాదు. పశ్చిమాన పార్కులు చాలావరకు ప్రభుత్వ భూముల మీదే వెలిశాయి. ఇక్కడ మాత్రం భూమి అంతా ప్రైవేటు వ్యక్తులది, కంపెనీలది. 6 వేలకు పైగా ముక్కలుగా ఉన్న భూమిని ఒక్కొక్కటిగా కొనాలి. అందులో అధిక భాగం కలప కంపెనీల చేతిలో ఉంది. అవి రైలు పట్టాలు వేసి మరీ కొండల మీద అడవిని నరికి తరలిస్తున్నాయి. 1926లో అమెరికా కాంగ్రెసు పార్కుకు అనుమతి ఇచ్చింది గానీ, భూమి కొనడానికి డబ్బు ఇవ్వలేదు. రెండు రాష్ట్రాల శాసనసభలు నిధులు కేటాయించాయి. ఊళ్లలో చందాలు పోగుచేశారు. బడిపిల్లలు సైతం చిల్లర నాణేలు తెచ్చి ఇచ్చారు. చివరికి 1928లో జాన్ రాక్‌ఫెల్లర్ జూనియర్ తన తల్లి స్మారక నిధి నుండి 50 లక్షల డాలర్లు ఇచ్చారు. 1934 జూన్ 15న పార్కు ఏర్పడింది. 1940 సెప్టెంబరు 2న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చి దాన్ని జాతికి అంకితం చేశారు.

ఆ రంపాలు ఆగకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. నేడు ఆ కొండల మీద అడవి మళ్లీ పెరిగింది. ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి. ఏనాడో అంతరించిన ఎల్క్ జాతి జింకలను 2001లో మళ్లీ తెచ్చి వదిలారు. 1983లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. కనుక చాప్‌మన్ చేసిన పని మంచిదేనని ఎలాంటి సంకోచం లేకుండా అంగీకరించాలి.

సంకల్పం గురించి ఒక మాట

ఇక్కడ కొందరు మరో ప్రశ్న లేవనెత్తుతారు. నాక్స్‌విల్ వ్యాపారులు అడవి మీద ప్రేమతోనే ఇదంతా చేశారా? మంచి రోడ్లు పడతాయని, యాత్రికులు వస్తారని, బేరం పెరుగుతుందని వారికి ఆశ లేదా? ఉంది. పార్కు కోసం గట్టిగా నిలబడిన వారిలో ఆ నగరపు మోటారు కార్ల క్లబ్బు కూడా ఉంది.

కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయని మనం నమ్ముతాం. కానీ పరుల గుండెల్లోని సంకల్పాన్ని తూకం వేసే పని మనకు అప్పగించబడలేదు. పైగా ధర్మసమ్మతమైన లాభాన్ని ఆశించడం పాపం కాదు. హజ్ యాత్రలో సైతం వ్యాపారం చేసుకోవడాన్ని అల్లాహ్ దోషంగా పరిగణించలేదు. చెట్టు నాటినవాడు దాని పండు తాను కూడా తినవచ్చు. కాబట్టి చాప్‌మన్ వ్యాపారి కావడం గానీ, ఊరి వ్యాపారం బాగుపడాలని కోరుకోవడం గానీ మా దృష్టిలో లోపం కాదు. అసలు చిక్కు వేరేచోట ఉంది.

లోయవాసులకు ఇచ్చిన మాట

కేడ్స్ కోవ్‌లో రైతు కుటుంబాలు నివసించేవి. మీ భూములు పార్కులో కలపబోమని మొదట్లో పార్కు సమర్థకులు వారికి హామీ ఇచ్చారు. 1927లో టెన్నెసీ శాసనసభ చేసిన చట్టం భూమిని నిర్బంధంగా సేకరించే అధికారాన్ని పార్కు కమిషన్‌కు కట్టబెట్టింది. ఇచ్చిన మాట గాలిలో కలిసింది.

లోయవాసులు మండిపడ్డారు. చాప్‌మన్‌కు ఫోనులో బెదిరింపులు వచ్చాయి. కోవ్ ప్రజల జోలికి రావద్దని, 40 మైళ్ల దూరంలోకి అడుగు పెట్టవద్దని హెచ్చరిస్తూ లోయ దారిలో ఒక బోర్డు వెలిసింది. ఆ రాతలో అక్షర దోషాలు ఉన్నాయి. చదువు అంతగా అబ్బని మనుషులు పెద్ద నగరపు పెద్దమనిషికి రాసుకున్న వినతిపత్రం అది. బెదిరింపును మేము సమర్థించడం లేదు. కానీ ఎవరూ వినిపించుకోనప్పుడు బలహీనుడి మొర ఎలా మారుతుందో గమనించాలి.

జాన్ ఆలివర్ అనే రైతు కోర్టుకు వెళ్లాడు. అతని ముత్తాత ఆ లోయలో మొట్టమొదట స్థిరపడిన తెల్లజాతి కుటుంబీకుడు. ఆలివర్ ఉత్తరాలు పంచేవాడు, చర్చిలో బోధకుడు, కొత్త పద్ధతుల్లో సేద్యం చేసేవాడు. కింది కోర్టులో మొదట గెలిచాడు. పై కోర్టులో ఓడాడు. ఏళ్ల తరబడి పోరాడి, చివరికి కోర్టు నిర్ణయించిన ధర తీసుకున్నాడు. ఏడాదికోసారి కౌలు పొడిగించుకుంటూ ఉండి 1937 డిసెంబరు 25న, అంటే తన పండుగ రోజునే, లోయ విడిచి వెళ్లాడు. అతని చర్చి సభ్యులు కొందరు 1960ల వరకు అక్కడికే వచ్చి ప్రార్థన చేసుకునేవారు.

ఆ తర్వాత అధికారులు లోయలోని కొత్తకాలపు ఇళ్లను చాలావరకు పడగొట్టి, పాతకాలపు దుంగల ఇళ్లను ఉంచారు. మా బంధువుల అబ్బాయి ఫోటోలో కనిపించింది అలాంటి ఇల్లే. చూసేవారికి అక్కడ ఎప్పుడో ఆదికాలంలో మనుషులు ఉండేవారని అనిపిస్తుంది. నిన్నమొన్నటి వరకు టపా అందుకుంటూ, పిల్లల్ని బడికి పంపుతూ ఉన్నవారని తోచదు.

మరో వైపు, ఎల్క్‌మంట్ అనే చోట సంపన్నులకు వేసవి విడిది ఇళ్లు ఉండేవి. వాటి యజమానులకు జీవితకాలపు లీజులు దక్కాయి. తర్వాత వాటిని పొడిగించారు కూడా. వాటిలో అధిక భాగం 1992లో గానీ ముగియలేదు. కొందరు వృద్ధ రైతులకు కూడా జీవితాంతం ఉండే వీలు కల్పించిన మాట నిజమే. అయినా సెలవులకు వచ్చిపోయే ఇల్లు అరవై ఏళ్లు నిలిచింది, ఏడాది పొడవునా దున్నుకు బ్రతికే ఇల్లు ఖాళీ అయింది. పాఠకులు ఈ తేడాను గుర్తుంచుకోవాలని మనవి.

ఒక ఆక్షేపణ

వివేకవంతుడైన పాఠకుడు ఇలా అడగవచ్చు: ఆ లోయ మాత్రం ఆ రైతుల పూర్వీకులకు ఎలా వచ్చింది? అది చెరోకీ ఆదివాసుల నేల కాదా?

న్యాయమైన ప్రశ్నే. ఆలివర్ ముత్తాత దంపతులు 1818లో అక్కడికి వచ్చారు. తిండి లేని ఆ తొలి చలికాలంలో చెరోకీలు ఎండు గుమ్మడికాయ ముక్కలు ఇచ్చి తమను బ్రతికించారని ఆ కుటుంబం వారే తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. మరుసటి ఏడాదే ఒప్పందం పేరుతో ఆ నేల చెరోకీల చేజారింది. 1838లో అమెరికా సైన్యం వేలాది చెరోకీలను వారి స్వస్థలాల నుండి పడమటికి తరిమివేసింది. ఆ దారిలో సుమారు 4 వేల మంది మరణించారని అంచనా.

దీన్నిబట్టి ఏమి తేలుతుంది? రైతులకు హక్కు లేదని తేలదు. ఒక తరం తీర్చని బాకీ మరుగున పడిపోదని, ఒక పొరపైన మరో పొరగా పేరుకుపోతుందని తేలుతుంది. ముందు జరిగిన అన్యాయం తర్వాతి అన్యాయానికి అనుమతిపత్రం కాజాలదు. ముత్తాత తప్పుకు మునిమనవడిని శిక్షించడం మన ధర్మంలోనూ లేదు. ఒకరి భారాన్ని మరొకరు మోయరు.

హిమా: మన చరిత్రలోని రక్షిత భూమి

అడవిని, పచ్చికను కంచె వేసి కాపాడటం ముస్లిములకు కొత్త విషయం కాదు. అరబీలో దాన్ని ‘హిమా’ అంటారు. అజ్ఞాన కాలంలో బలవంతుడైన నాయకుడు మంచి పచ్చిక ఉన్న చోట తన కుక్కను మొరిగించి, ఆ శబ్దం వినిపించినంత మేర తనదేనని ప్రకటించుకునేవాడు. మిగతావారి పశువులు అందులోకి రాకూడదు. తన పశువులు మాత్రం అందరి పచ్చికలోనూ మేస్తాయి. దైవప్రవక్త (స) ఈ ఆచారాన్ని రద్దు చేశారు. హిమా ఇక వ్యక్తుల కోసం ఉండదని, అల్లాహ్, ఆయన ప్రవక్త పేరిట సమాజ ప్రయోజనం కోసమే ఉంటుందని నిర్ణయించారు. మదీనా సమీపంలోని నఖీ అనే ప్రాంతాన్ని సమాజపు గుర్రాల కోసం కేటాయించారు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో హిమా మరింత విస్తరించింది. దానికి హునై అనే వ్యక్తిని కాపలాగా నియమిస్తూ ఆయన చెప్పిన మాటలు సహీహ్ బుఖారీలో నమోదయ్యాయి. వాటి సారాంశం ఇది. ముస్లిముల పట్ల మృదువుగా ఉండమన్నారు. పీడితుడి మొరకు భయపడమన్నారు. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్నవాడిని లోనికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్‌ల పశువుల విషయంలో మాత్రం జాగ్రత్త అన్నారు. ఎందుకంటే వారి పశువులు చనిపోయినా వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాడి నాలుగు గొర్రెలు చస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని ఖలీఫా గుమ్మం ముందు నిలబడతాడు. అతనికి గడ్డి, నీళ్లు ఇవ్వడం బంగారం, వెండి ఇవ్వడం కన్నా తేలిక.

ఈ ఇద్దరు సహాబాలు ఎంతటి మహనీయులో పాఠకులకు చెప్పనవసరం లేదు. సమాజానికి వారి దానధర్మాలు అపారం. అయినా రక్షిత భూమి ద్వారం దగ్గర మొదటి ప్రాధాన్యం కొద్దిపాటి గొర్రెలవాడికే దక్కింది. ఎల్క్‌మంట్ విడిది ఇళ్లకు, కేడ్స్ కోవ్ పొలాలకు జరిగినదాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

అంతటితో ఆయన ఆగలేదు. ఇది ఆ ప్రజల నేలేనని, అజ్ఞాన కాలంలో దీని కోసం వారు పోరాడారని, దీని మీద ఉండగానే ఇస్లాం స్వీకరించారని, తాను వారికి అన్యాయం చేశానని వారు భావిస్తున్నారని ఒప్పుకున్నారు. దైవమార్గంలో ప్రయాణానికి ఇవ్వాల్సిన పశువులే లేకపోతే వారి నేలలో జానెడు కూడా కంచె వేసి ఉండేవాణ్ణి కానని ప్రమాణం చేసి చెప్పారు. అవసరం ఉంది, అధికారం ఉంది, ప్రయోజనం సమాజానిదే. అయినా ఆ కంచె వల్ల బాధపడుతున్నవారు ఆయన కళ్ల ముందు నుండి తొలగిపోలేదు. మంచి పని చేసేవారికి ఉండవలసిన హృదయం ఇదే.

ధర చెల్లించకుండా చేయి వేయరాదు

ప్రజల అవసరం కోసం భూమి సేకరించడాన్ని మన ఫుఖహా నిషేధించలేదు. ఉస్మానియా ప్రభుత్వం 19వ శతాబ్దంలో రూపొందించిన మజల్లా అనే న్యాయ సంహిత రోడ్డు కోసం ఒకరి ఆస్తిని విలువ కట్టి తీసుకోవడానికి అనుమతిస్తూనే, ధర చెల్లించేవరకు దాన్ని యజమాని చేతిలో నుండి తీసుకోరాదని షరతు పెట్టింది.

దీనికి మూలం మస్జిదె నబవీ స్థలంలోనే ఉంది. హిజ్రత్ తర్వాత ఆ స్థలం సహ్ల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురదని తెలిసింది. వారు దాన్ని ఉచితంగానే ఇస్తామన్నారు. దైవప్రవక్త (స) ఒప్పుకోలేదు. వెల చెల్లించే తీసుకున్నారు. ఆలోచించండి! అడిగినవారు దైవప్రవక్త. కట్టబోయేది దైవగృహం. ఇస్తున్నవారు సంతోషంగానే ఇస్తున్నారు. అయినా అనాథల సొమ్ము విషయంలో సంతోషం ఒక్కటే సరిపోతుందని ఆయన భావించలేదు. అడిగేవాడు ఎంత గొప్పవాడైతే కాదనడం అంత కష్టం కదా!

మా సొంత లెక్క

ఇంతవరకు దూరదేశపు వ్యాపారి గురించి రాశాం. ఇప్పుడు మా లెక్క కూడా చెప్పుకోవాలి.

ఏడెనిమిదేళ్ల కిందట మేము ఖుత్బా ఇచ్చే మస్జిదును విస్తరించాలని కమిటీ తలపెట్టింది. వెనుక గోడను ఆనుకుని రెండు గదుల ఇల్లు. అందులో కుట్టుమిషను మీద ఆధారపడి బ్రతికే ఒక వితంతువు. ఆమె అమ్మనన్నది. ఆ జుమా రోజున మస్జిదు నిర్మాణపు పుణ్యం గురించి మేము ఖుత్బా ఇచ్చాం. ఎవరి పేరూ తీయలేదు. కానీ ఎవరిని ఉద్దేశించామో వీధి వీధంతటికీ తెలుసు. మరుసటి వారమే ఆమె కాగితాల మీద వేలిముద్ర వేసింది. కమిటీ ఇచ్చిన డబ్బుతో ఆ ఊళ్లో రెండు గదులు రావు.

చాలాకాలం తర్వాత ఆమె బజారులో కనిపించి సలాం చేసింది. "మౌల్వీసాబ్, ఆ రోజు మీరు నా పేరు తీసి అడిగి ఉంటే కాదనేదాన్ని. పేరు తీయకుండా అడిగారు. ఎవరికని జవాబు చెప్పను?" అంది. మేము తల దించుకుని, "ఆపా, మమ్మల్ని మాఫ్ చేయండి" అన్నాం. "మాఫ్ సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడున్న అద్దె గదిలో వెలుతురు లేదు. సూదిలో దారం ఎక్కడం లేదు" అని వెళ్లిపోయింది.

ఆ మాటతో, అప్పటివరకు కితాబులలో చదివిన విషయం మాకు అర్థమైంది. దైవ హక్కుల్లో జరిగిన లోపాన్ని అల్లాహ్ తలిస్తే క్షమిస్తాడు. దాసుల హక్కు దాసుడికి తిరిగి చేరాలి, లేదా అతడు మనస్ఫూర్తిగా వదులుకోవాలి. మస్జిదులో ఎన్ని సఫ్‌లు పెరిగినా ఆమె గదిలోకి వెలుతురు రాదు. అవి రెండూ వేర్వేరు ఖాతాలు. మేము కమిటీ ముందు నిలబడి మిగతా ధర అడిగాం. కొంత ఇచ్చారు. మిగిలినది మేమే నెలనెలా తీరుస్తున్నాం. ఇంకా పూర్తి కాలేదు.

పాఠకులకు మనవి

చాప్‌మన్ 1944లో మరణించారు. ఆ పార్కులో ఒక శిఖరానికి, నాక్స్‌విల్‌లో ఒక పెద్ద రహదారికి ఆయన పేరు ఉంది. ఆ గౌరవానికి ఆయన తగినవారే. పార్కు ఉండకూడదని గానీ, ఆ రంపాలను ఆగనివ్వకుండా ఉండవలసిందని గానీ మేము అనడం లేదు. అయితే ‘పార్కు వచ్చింది కదా’ అన్నది ఆలివర్‌కు జవాబు కాదంటున్నాం. అడవి నిలవడం వల్ల లోకానికి మేలు జరిగింది. ఇచ్చిన మాట తప్పినందుకు లోయవాసులకు రావలసినది మిగిలిపోయింది. ముందే ఆ హామీ ఇవ్వకుండా ఉండవచ్చు. లేదా విడిది ఇళ్లకు దొరికినంత గడువైనా దున్నేవారందరికీ ఇవ్వవచ్చు. అలా చేసి ఉంటే కొండలు ఏమీ తరిగిపోయేవి కావు.

మన దగ్గరా ఈ ప్రశ్న సజీవంగానే ఉంది. నల్లమలలో పులుల రక్షణ అవసరమే, అక్కడి చెంచుల గూడేలూ నిజమే. 2006 అటవీ హక్కుల చట్టం వన్యప్రాణుల కోసం ఎవరినైనా తరలించాలంటే గ్రామసభ స్వేచ్ఛగా అంగీకరించాలని చెబుతోంది. 1894 నాటి భూసేకరణ చట్టం స్థానంలో 2014 నుండి అమలైన కొత్త చట్టం పునరావాసాన్ని తప్పనిసరి చేసింది. చట్టం కాగితం మీద ఉంటుంది. దాన్ని అమలు చేసేవారి గుండెలో పీడితుడి మొర పట్ల భయం ఉంటేనే అది గూడెం దాకా చేరుతుంది.

మనలో చాలామంది పార్కులు స్థాపించం. కానీ మస్జిదు కమిటీలో ఉంటాం, ఖబ్రస్తాన్ గోడ కట్టిస్తాం, వీధి రోడ్డు వెడల్పు చేయిస్తాం, ఉమ్మడి ఆస్తి పంచుతాం, కొడుకు చదువు కోసం కూతురి వాటా అడుగుతాం. ఆ ప్రతి మంచి పని దగ్గరా నోరు తెరిచి కాదనలేని ఒక మనిషి ఉంటాడు. పని పూర్తయ్యాక అతని దగ్గరకు వెళ్లి క్షమాపణ అడగడం కన్నా, మొదలుపెట్టకముందే అతని ఇంటికి వెళ్లి కూర్చోవడం మేలు. మీ చుట్టూ ఇప్పటికే పూర్తయిన మంచి పనులు ఉంటే వాటి వెనుక గోడ అవతల ఎవరు ఉండేవారో ఒకసారి విచారించండి. వారు బ్రతికి ఉండగానే, మనమూ బ్రతికి ఉండగానే ఆ లెక్క తీర్చుకోవచ్చు.

మన పుణ్యకార్యాల మీద ఏ పీడితుడి మొరా మిగిలి ఉండకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! బాకీ ఉన్నవారికి దాన్ని తీర్చే స్థోమతను, ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.